పక్క నుంచి తీసిన ఫిల్ము

ఎక్స్‌రే బల్ల మీదికి చేర్చేటప్పటికే కామమ్మ కేక పెట్టింది. ఎడమ పాదం బయటికి వాలిపోయి ఉంది. పొద్దున రొయ్యలు వలిచే షెడ్డులో ఐసునీళ్ల మీద జారి పడిందట.

"ఉత్త దెబ్బేలే పాపా. ఒక్క ఫిల్ము తీసి పంపీ. రేపు లోడు పోవాల, మనుషులు తక్కువుండారు," అన్నాడు షెడ్డు సూపర్‌వైజరు పెంచలకృష్ణ, ఫోనులోంచి తలెత్తకుండా.

ఎక్స్‌రే తీసే రోజారమణికి ఆ గొంతు తెలుసు. పన్నెండేళ్ల కిందట తన తల్లి పోలేరమ్మను ఆటోలో వేసుకొచ్చింది ఇతనే. అప్పుడూ పాదం ఇలాగే వాలింది, అప్పుడూ ఒక్క ఫిల్మే. పాదం బయటికి తిరిగితే ఎదురు ఫిల్ములో తొడ ఎముక మెడ కురచగా పడి, సన్నటి పగులు కనబడకుండా పోవచ్చని ఎక్స్‌రే కోర్సులో విన్న రోజు ఆమెకు అన్నం సయించలేదు. విరిగిన తుంటితో అమ్మ నెల్లాళ్లు షెడ్డులో నిలబడింది. ఇప్పుడు మైపాడులో గోడ పట్టుకుని నడుస్తోంది. ఈ మనిషిని ఏడిపించాలని రోజారమణికి ఏనాటి నుంచో ఉంది. అది తప్పని ఆమె ఒక్కనాడూ అనుకోలేదు.

ఎదురుగా ఒక ఫిల్ము తీసింది. అతను కోరుకున్నట్టే అందులో ఏమీ కనబడలేదు.

"చెప్పలా? ఆ కవరు ఇటియ్." ఎవరు తీసుకొస్తే వాళ్ల చేతికే కవరివ్వడం ఆ సెంటరులో అలవాటు.

"డాక్టరు చీటీలో రెండు రాసుండాడన్నా. ఒకటి చాలంటుండేది నువ్వు. బయట నిలబడు."

విరిగిందేమోననే అనుమానంతో నొప్పి కాలును ఆమె తిప్పలేదు. బాగున్న కాలును పైకెత్తి స్టూలు మీద ఆనించింది. ప్లేటును ఎడమ తుంటి పక్కన నిలబెట్టి, తొడల మధ్య నుంచి కిరణం అడ్డంగా పోయేట్టు ట్యూబు తిప్పింది.

"ఊపిరి బిగబట్టక్కా."

తెర మీద ఎముక మెడకు అడ్డంగా నల్లటి గీత. రోజారమణికి ఒళ్లంతా సంతోషమైంది. ఒకరి ఎముక విరిగితే సంతోషమేమిటని ఆ వెంటనే సిగ్గుపడింది.

తలుపు దగ్గర పెంచలకృష్ణ చెయ్యి చాచాడు. "నాకియ్. ఓనరుతో నేను మాట్లాడుకుంటా."

"ఇయ్యను."

కవరును స్ట్రెచరు మీదికి మార్చిన కామమ్మ గుండెల మీద పెట్టి, ఆమె రెండు చేతులూ దాని మీద ఉంచింది.

"గట్టిగా పట్టుకో అక్కా. డాక్టరు దగ్గరికి నేనే తీసకపోతా." తర్వాత అతని వైపు తిరిగింది. "మైపాడు పోలేరమ్మ కూతుర్ని. గుర్తుండాదా అన్నా?"

అతను తలుపుకు అడ్డంగా అలాగే నిలబడ్డాడు. రోజారమణి స్ట్రెచరు ఆపలేదు. ముందు చక్రాలు అతని చెప్పులకు తగిలాయి.