మడి దండెం

"ముట్టుకోవద్దు! మడిబట్టలుండాయి ఆడ."

వాసవి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమె ముట్టుకోబోయింది బట్టల్ని కాదు, వాటి కింద వేలాడుతున్న లైటు గొలుసుని. ట్రేల్లో పిటూనియా నారు మొలిచింది. మొలకకు లైటు జానెడు ఎత్తులో ఉండాలి. లేకపోతే వెలుగు కోసం సాగి సాగి, కాడ దారమైపోయి పడిపోతుంది. అందుకని గొలుసు కాస్త కిందికి దించుదామని వచ్చింది. కానీ ఆ గొలుసు తగిలించిన అల్యూమినియం ఫ్రేము మీద అత్త తెల్లవారుజామునే చన్నీళ్ళ స్నానం చేసి తన నూలుచీర ఆరేసి పోయింది. రేపు పొద్దున మళ్ళీ స్నానం చేసి తనే తీసి కట్టుకునేదాకా ఆ చీరకు గానీ, అది ఆరే కమ్మీకి గానీ ఇంకొకరి చెయ్యి తగలకూడదు. అది తీసిన చోటే రేపటి తడిచీర పడుతుంది. కార్తీకం నెలంతా ఇంతే.

"లైటు ఒక్కటి దించుకుంటానత్తా. చీరకు తగలను."

"చీరకు తగలవులే, కమ్మీకి తగుల్తావు గదా. కమ్మీకి తగిలితే చీరకు తగిలినట్లే. ఇంత సదువుకున్నావు, అదీ తెలీదా?"

చదువుకున్న దాంట్లో అది లేదు మరి. వాసవి చదివింది తోటల డిప్లొమా. పెళ్ళికి ముందు ఎమ్మిగనూరులో ఒక నర్సరీలో నారు పెంచే పని చూసింది. ఆదోని ఇంటికి కోడలిగా వచ్చాక మామ ఇంద్రసేనయ్య ఒక్క మాటతో ఆ సంగతి తేల్చేశాడు. "కమీషన్ కొట్టోళ్ళ కోడలు మొక్కలమ్ముకునేదేందమ్మా, నలుగురు నవ్వుతారు." ఆ నలుగురూ ఎవరో ఆమెకు ఇప్పటికీ తెలియదు. వాళ్ళు నవ్వకుండా ఉండటం కోసమే పొద్దున లేచి ఇంటిల్లిపాదికీ వండుతుంది, మధ్యాహ్నం కొట్టు బిల్లులు కంప్యూటర్లో ఎక్కిస్తుంది, సాయంత్రం మళ్ళీ వండుతుంది. ఇంత చేసి, "ఇంట్లోనే ఉంటాది గదా, ఏం పని?" అనిపించుకుంటుంది.

ఆ ఇల్లు కూడా అట్లాంటిదే. ముందు పత్తి, వేరుశనగ కొట్టు, దాని వెనక రైలుపెట్టెలాగ పొడుగ్గా గదులు. రెండు పక్కలా వేరేవాళ్ళ గోడలు. నడిమి గదుల్లో పట్టపగలే లైటు వేసుకోవాలి. మిద్దె మీద మొక్కలు పెట్టి చూసింది. ఎండాకాలం ఎండ మాడ్చింది, మిగిలినవాటిని కొండ కోతులు వచ్చి పీకేశాయి. అప్పుడు ఫోన్లో చూసింది, ఎండే తగలని గదుల్లో ప్రత్యేకమైన ఎల్ఈడీ లైట్లు వేలాడదీసి, వాటి కింద నారు పెంచుతున్నారు. లైట్లు తెప్పించుకుంది. వాటిని వేలాడదీయడానికి ఫ్రేము కావాలి. ఇనుమైతే నీళ్ళకు తుప్పు పడుతుంది. కొట్టుకు కొత్తగా అద్దాలు బిగించినప్పుడు ఊడదీసిన అల్యూమినియం పైపులు మిద్దె మీద పడి ఉన్నాయి. ఎవరికీ పనికిరానివి కాబట్టి వాటిని తీసుకుంటే ఎవరూ ఏమీ అనరనుకుంది.

పైపులైతే దొరికాయి. తీరిక ఎక్కడిది? నెలకు మూడు రోజులు ఆమె 'బయట' ఉంటుంది. ఆ మూడు రోజులూ వంటింటి గడప తొక్కకూడదు, దేవుడి గది వైపు పోకూడదు. మిద్దె మీది చిన్న గదిలో ఒక చాప, ఒక కంచం, ఒక చెంబు. పనిమనిషి ఏసమ్మ అన్నం పైకి తెచ్చి పెడుతుంది. పెళ్ళైన కొత్తలో ఆ గదిలో కూర్చుని ఏడ్చేది, తనేదో కుళ్ళిన కాయ అయినట్టు పక్కకు తీసిపెట్టారని. తర్వాత్తర్వాత తెలిసివచ్చింది, ఈ ఇంట్లో తనకు దొరికే సెలవు అదొక్కటేనని. కాఫీ అని ఎవరూ కేక వెయ్యరు. చొక్కా ఎక్కడుందని ఎవరూ అడగరు. అవమానమే, కానీ హాయిగా ఉండే అవమానం. దసరాలు దాటాక వచ్చిన మూడు రోజుల్లో ఆ గదిలోనే హ్యాక్సా బ్లేడుతో పైపులు కోసింది, చేతి డ్రిల్లుతో బెజ్జాలు పెట్టింది. అవతలి కొన ఏసమ్మ పట్టుకుంది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఒక కాలు కాస్త పొట్టిదైపోతే దాని కింద పాత కుంకుమ డబ్బా మూత పెట్టింది. నాలుగో రోజు తలస్నానం చేసి, ముక్కలన్నీ కిందికి దించి, నడిమి గదిలో నిలబెట్టి బోల్టులు బిగించింది. ఊపి చూస్తే ఊగలేదు. తన చేత్తో చేసిన వస్తువు ఈ ఇంట్లో మర్నాటికి కూడా మిగిలి ఉండటం అదే మొదలు. వండింది మధ్యాహ్నానికి అయిపోతుంది, ఊడ్చింది సాయంత్రానికి మాసిపోతుంది.

అత్త వచ్చి చుట్టూ తిరిగి చూసింది. "ఇదేందిరా రాఘవా, ఎవరు చేసినారు?"

రాఘవ్ పెళ్ళాం వైపు చూడకుండానే అన్నాడు. "నేనే చేపిచ్చినాలేమ్మా."

తర్వాత ఆమెతో విడిగా, "నువ్వు హ్యాక్సా పట్టినావని చెప్తే బాగుంటాదా? ఒక మనిషిని పెట్టి చేపియ్యలేకపోయినాడా అని నాయన నన్ను తిట్టడా?" అన్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. వాసవి అప్పటికి నవ్వేసి ఊరుకుంది. పేరెవరిదైతేనేం, ఫ్రేము తనది కదా అనుకుంది. తర్వాత మొలకలొచ్చినప్పుడు అత్త ట్రేలు చూసి, "దేవునికి పెట్టేటివి కాదు, తలలో పెట్టుకునేటివి కాదు, తినేటివి కాదు. ఏం పూలే ఇవి?" అని మాత్రం అని పోయింది.

కార్తీకం రావడంతోనే తుపాను ముసురు పట్టింది. అత్త పాత దండెం వంటింటి వసారాలో ఉండేది. మాడ్యులర్ కిచెన్ వచ్చినప్పుడు అది పోయింది. మిద్దె మీద ఆరేస్తే కోతులు. వెతగ్గా వెతగ్గా నడిమి గదిలో, ఎవరూ తొక్కని మూలన, నిలువెత్తు కమ్మీ కనిపించింది. పైగా కింద లైట్లు. "బో బాగ ఆరతాండాయి, ఆర్పొద్దు," అంది. చీర తెరలాగ లైట్లకు అడ్డంగా కిందికి జారి, సగం వెలుగును మింగేసింది. అంచు నుంచి కారే నీళ్ళు ట్రేల్లో పడి గుంటలు చేశాయి. ఆ రోజు నుంచి ఇంట్లో దాని పేరు మారిపోయింది. ఫ్రేము అన్న మాట వాసవి నోట్లోనే మిగిలింది, మిగతా అందరికీ అది దండెం.

అత్త మడి నిలబెట్టుకోవడానికి ఊరంతా వదిలి ఏ కమ్మీని పట్టుకుందో తలచుకుంటే వాసవికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొగుడికి అన్నం వడ్డిస్తూ అదే చెప్పింది. "అది నేను ఎప్పుడు చేసినానో మీకు తెలుసు గదా."

రాఘవ్ ముద్ద నోటి దగ్గరే ఆగింది. "నోరెత్తొద్దు. కార్తీకం నోము. చన్నీళ్ళు పోసుకుని పోసుకుని ఆమె నిలువునా వణుకుతాంది. ఇప్పుడు మైలని తెలిస్తే ప్రాణం పోతాది. నెల దాటనీ, నీ దండెం నీకే."

"ఫ్రేము," అంది.

"ఏదో ఒకటి."

అత్త వణకడం వాసవి చూడకపోలేదు. జాలిపడింది కూడా. చెబితే ఆ ముసలి ప్రాణానికి నెల నోమూ పోతుంది. చెబితే మిద్దె మీది గదికి కాపలా వస్తుంది, ఉన్న ఒక్క సెలవూ పోతుంది. చెప్పకపోతే నారు పోతుంది. ఎటు తిప్పినా పోయేది ఏదో ఒకటి ఉంది, ఉండేది ఏదీ కనిపించలేదు.

ఒక ఉపాయం తోచింది. అత్తలాగే చీకటితో లేచి తలస్నానం చేసి, తడిచీరతో పోయి ముట్టుకుంటే తప్పు లేదు కదా. చలికి పళ్ళు కటకటలాడుతుంటే వెళ్ళి గొలుసు దించింది. చేతులు తుడుచుకునేలోపే అత్త చూసింది, మొహం వెలిగిపోయింది. "మడి కట్టినావా తల్లీ? మంచిదాయె. ఆ నైవేద్యం పప్పు పొయ్యి మీద పెట్టు, పూర్ణం గూడా నువ్వే చెయ్యి, నాకు నడుము వంగడంలా." లైటు ఒక గొలుసు కన్ను దిగినందుకు మధ్యాహ్నందాకా మడి వంట చేసింది. మర్నాడు పొద్దున అత్తే తలుపు తట్టి లేపింది, "ఇంగా లేయలేదా, మడి కట్టుకోవా?" అని. జలుబు చేసిందని చెప్పి ఆ ఉపాయం వదులుకుంది.

ఇక చూడటమే మిగిలింది. రోజూ గుమ్మంలో నిలబడి చూసేది. మొలకలు చీర నీడ నుంచి పక్కకు ఒరిగి, వెలుగు కనిపించిన సందు వైపు మెడలు సాచాయి. కాడలు తెల్లబడి దారాలయ్యాయి. మొదటి ట్రే వాలిపోయింది, తర్వాత రెండోది. చెయ్యి చాస్తే అందే దూరం. ఆ చెయ్యి తనదే, ఆ కమ్మీ తను కోసిందే. అయినా ముట్టుకోకూడదు. మూడో ట్రేలో, చీర అంచు అందని మూలన మాత్రం కొన్ని నిలబడ్డాయి. నెల దాటేదాకా అవి బతికితే చాలని మొక్కుకుంది. ఏ దేవుడికి మొక్కాలో తెలియక ఊరికే మొక్కుకుంది.

నెల దాటింది. పోలి పాడ్యమి నాడు నోము ముగిసింది. అత్త చెల్లెలు, రాఘవ్‌కు చిన్నమ్మ, గూడూరు నుంచి వచ్చింది. వాయనాలయ్యాక ఇల్లంతా చూపిస్తూ అత్త ఆమెను నడిమి గదికి తీసుకొచ్చింది. వెనకే రాఘవ్ వచ్చాడు. తాంబూలం పళ్ళెం పట్టుకుని వాసవీ వచ్చింది.

"ఇదిగో, మా రాఘవుడు చేపిచ్చిన దండెం. ఈ నెలంతా నా మడిని ఇదే కాపాడింది. ఇంగ దీన్ని ఈడనుంచి కదిలిచ్చేది లేదు, ఎప్పటికీ నా మడి ఈడనే." అత్త కోడలి వైపు తిరిగింది. "ఆ తట్టలు రేపు ఏసమ్మతో బయట పారేపిచ్చు. తడికి దోమలు చేరతాండాయి."

వాసవి మొగుడి వైపు చూసింది. నెల దాటనీ అన్న మనిషి పైకప్పు వైపు చూస్తున్నాడు.

చిన్నమ్మ ఫ్రేమును కిందినుంచి పైకి చూసింది. "బో బాగుంది! తేలికగా ఉండాది, తుప్పూ పట్టదు. ఒరే రాఘవా, నాకూ ఇట్లాంటిది ఒకటి చేపిచ్చియ్యిరా. మాయింట్లో గూడా మడిబట్టలకు జాగా లేదు."

"దానికేముంది చిన్నమ్మా, చేపిస్తా," అన్నాడు రాఘవ్. అని, ఒక్క క్షణం వాసవి చేతుల వైపు చూశాడు. ఎవరు చెయ్యాలో వాళ్ళ చేతుల వైపే చూశాడు.

ఆ చూపుతో వాసవి లోపల ఇన్నాళ్ళూ అటూ ఇటూ ఊగుతున్నదేదో ఊగడం మానేసింది. కోపం కూడా రాలేదు. మూడో ట్రే మూలన ఇంకా నిలబడి ఉన్న మొలకలను చూసింది. ఏసమ్మ పేరు మాత్రం ఎత్తకూడదు అనుకుంది. తాంబూలం పళ్ళెం కింద పెట్టి, మామూలుగా, కూరలోకి ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"మీకు ఎప్పటికి కావాల చిన్నత్తా?"

"తొందరేం లేదులేమ్మా. తీరిక చూసుకునే చేపియ్యండి."

"తీరిక నాకు నెలకు మూడు దినాలే దొరుకుతాది. ఈసారి నేను బయటున్నప్పుడు మిద్దె మీద కూసోని చేసిస్తా. ఇదీ అట్లే చేసినా."