ఊదారంగు గుర్తు

తలుపుకు తాళం వేసి ఉంది. తాళం కంటే ముందు పరంజ్యోతి కంటపడింది, దాని పక్కన చెక్క మీద గీకిన చోటు. అరచేయంత మేర కత్తితో గీకి గీకి చెక్క లోపలి తెలుపు బయటపడేలా చేశారు. అయినా రంగు పోలేదు. నారల్లోకి ఇంకిపోయి, మానుతున్న దెబ్బలా ఊదాగా మిగిలింది.

నిన్న మధ్యాహ్నం ఆ గుర్తు పెట్టింది తనే. శ్రీలంక తేయాకు తోటల నుంచి వచ్చినవాళ్ల కోసం నంద్యాల శివార్లో కట్టిన ఆ కాలనీలో ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఇవాళ తను వేరే పని మీద పాణ్యం పోవాలి. ఆసుపత్రి జీపు తెచ్చే డ్రైవరు బాలస్వామి ఇల్లు వెతుక్కుంటూ ఆలస్యం చేస్తాడేమోనని, పిల్లల నోటిపూతకు రాసే ఊదారంగు మందులో దూది ముంచి తలుపు మీద ఒక సున్నా చుట్టింది. రాత్రంతా మనసు నిలవక, పాణ్యం మానుకుని జీపులో తనే వచ్చింది.

లోపల ఉండాల్సింది పొన్ని, ఆమె అత్త మారియాయి. పొన్ని భర్త కాగితాలు తేలక ఇంకా తమిళనాడులోని మండపం శరణార్థుల క్యాంపులోనే ఉన్నాడు. పొన్నికి ఎనిమిదో నెల. కాళ్లు వాచి వేలు పెడితే గుంట పడుతున్నాయి. నిన్న రక్తపోటు చూసినప్పుడు పరంజ్యోతి నమ్మలేక మళ్లీ చూసింది. "ఫిట్స్ వస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. వెంటనే తీసుకురా" అంది డాక్టరమ్మ. దారిలో అవసరమైతే వేయమని ఒక నిద్ర ఇంజెక్షను కూడా ఇచ్చింది. జీపు మాత్రం ఇవాళ పొద్దునకు గానీ దొరకలేదు.

రోడ్డు మీది టీ అంగడి చెన్నకేశవులు గ్లాసు కడుగుతూనే చెప్పాడు. "పొద్దన్నే పోయినారు నర్సమ్మా. ముసల్ది ఒక మూట, కడుపుతో ఉండే పిల్ల ఒక మూట. ఆళ్లగడ్డ బస్సెక్కినారు."

"ఆళ్లగడ్డలో ఎవరున్నారంట?"

"ఎవురూ ల్యారు. టికెట్టు యాడికే అని కండక్టరడిగితే, బస్సు యాడికి పోతే ఆడికి అనింది ముసల్ది. నవ్వుతారని కూడా సూసుకోలా." అతను గ్లాసు బోర్లించాడు. "అయినా నువ్వేం రాసినావమ్మా ఆ తలుపుకి? చీకటితోనే లేచి ఒకటే గీకుడంట."

పరంజ్యోతి వెనక్కి తిరిగింది. జీపెక్కి, "ఆళ్లగడ్డ పోనీ" అంది.

"ఏందక్కా, వాండ్లేమన్నా దొంగలా? మనమేమన్నా పోలీసోల్లమా యెంట పడేదానికి?" అంటూనే బాలస్వామి బండి తిప్పాడు.

ఆసుపత్రి అంటే భయపడ్డారేమో అనుకుంది మొదట. కాదు. నిన్న పొన్ని తల ఊపింది, ముసలమ్మ కూడా సరేనంది. మరి తను ఏం చేసింది? ఎప్పుడూ తలుపు కూడా కొట్టదే!

తలుపు కొట్టకపోవడం ఆమెకు ఒక నియమం. ఆళ్లగడ్డ పక్క పల్లెలో తను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఒక మిట్టమధ్యాహ్నం ఈటెలు పట్టుకున్న మనుషులు నాయన గురుస్వామి కోసం తలుపు బాదారు. జొన్నల గాదెలో దాక్కున్న ఆమెకు ఆ చప్పుడు కడుపులోంచి వస్తున్నట్టు వినిపించింది. నాయన ఆ రోజు ఊళ్లో లేడు కాబట్టి బతికాడు. చప్పుడు మాత్రం ఆమెలో ఉండిపోయింది. అందుకే కాలనీలో ఏ గడప ముందుకైనా పోయి ఊరికే నిలబడుతుంది, దగ్గుతుంది, లోపలివాళ్లు బయటికి వచ్చేదాకా ఆగుతుంది. భయపడ్డవాళ్ల సంగతి తనకు తెలుసునని ఆమెకు లోలోపల కొంచెం గర్వం. నలుగురి మధ్యా ఒంటరిగా బతికే మనిషికి ఆ గర్వమే తోడు.

తనకు తెలిసింది తన భయమే. ఈ ఆలోచన శిరివెళ్ల దాటాక వచ్చింది. వచ్చాక మళ్లీ పోలేదు.

ఆళ్లగడ్డ బస్టాండులో వాళ్లు దొరికారు. గోడ వారగా, మూటల మధ్య పొన్ని వెనక్కి ఆనుకుని కూర్చుంది. ముఖం ఉబ్బి కళ్లు చిన్నవయ్యాయి. మారియాయి జీపును చూడగానే లేచి కోడలికి అడ్డంగా నిలబడింది. పరంజ్యోతి దూరంగానే ఆగిపోయింది. బాలస్వామిని బండి అవతలికి తీసుకుపొమ్మని సైగ చేసింది.

"అమ్మా, పొన్నికి తలనొప్పి తగ్గిందా?"

మారియాయి తాతలు చిత్తూరు వైపు నుంచి తోటలకు పోయినవాళ్లు. ఆమె తెలుగులో సగం అరవం. "మమ్మల్ని విడిచిపెట్టు తాయీ. నీకు దండం."

"నేను చుట్టిన గుర్తు చూసి వచ్చేసినారా?"

ముసలమ్మ ఆమె చేతులవైపు చూసింది. "ఆడ, తోటల్లో కూడా ముందు ఒకడు వచ్చినాడు. నీలాగానే మెల్లంగా మాట్లాడినాడు. పిల్లోళ్లను నవ్వించినాడు. పోతా పోతా మా కూలీల లైను ఇండ్ల తలుపులకు బొగ్గుతో గీసినాడు, కొన్నిటికి మాత్రమే. ఎందుకో మాకు తెలీదు. మూడోనాడు గీసిన ఇండ్లే కాల్చినారు." గొంతు తగ్గించింది. "మా చిన్నోడు లోపలే ఉండిపోయినాడు."

గాదె సంగతి పరంజ్యోతి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే నమ్ముతారేమో. కానీ ఆ కొడుకు పక్కన తన గాదెను పెట్టి బేరమాడినట్టవుతుంది. మింగేసింది.

"డ్రైవరుకు మీ ఇల్లు తెలియాలని చుట్టినా. మిమ్మల్ని అడగల్యా. అడగాల్సింది. నాదే తప్పు." తర్వాత మిగిలింది కూడా చెప్పింది: "పొన్నికి ఫిట్స్ వచ్చేటట్టుంది. నంద్యాల ఆసుపత్రికి పోకపోతే బతకడం కష్టం. ఎట్ల పోదామో నువ్వు చెప్పు. నువ్వెట్ల చెప్తే అట్ల."

పొన్ని అత్త కొంగు పట్టుకుని అరవంలో ఏదో అంది. మారియాయి కోడలి కాళ్లకేసి చూసింది.

"ఆ బండి వద్దు. బస్సులో పోదాం, అందరూ చూస్తా ఉంటారు. నీ సంచి నా దగ్గర ఉండాల. ఆసుపత్రిలో పిల్ల నా కంటికి కనపడాల."

జీపయితే తొందరగా చేరుస్తుంది. బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగుతుంది. ఆ తేడాలో ఏమైనా జరగొచ్చు. పరంజ్యోతి మందుల సంచి భుజం నుంచి తీసి ముసలమ్మ చేతికిచ్చింది.

"ఉత్త బండి తోలుకోని పోవాల్నా నేను?" అన్నాడు బాలస్వామి.

"బస్సు వెనకాలే రాన్నా. దగ్గరికి మాత్రం రావద్దు."

బస్సులో కిటికీ పక్కన పొన్ని, మధ్యలో పరంజ్యోతి, ఇటు చివర సంచిని రెండు చేతులతో పట్టుకుని మారియాయి. శిరివెళ్లలో జనం ఎక్కుతుంటే పొన్ని కళ్లు నలుపుకుంది. "మెరుపులు" అంది తెలుగులోనే. ఫిట్స్‌కు ముందు కనిపించేవి అవే. పరంజ్యోతి ఆమె చెయ్యి పట్టుకుంది. పొన్ని చూపుడువేలు దానంతటదే అదురుతోంది.

"అమ్మా, సంచిలో స్టీలు డబ్బా ఉంది. అది కావాల."

ముసలమ్మ సంచిని ఇంకా దగ్గరికి లాక్కుంది. "ఏముంది దాంట్లో?"

"సూది. మందు. ఇస్తే నిద్రపోతుంది. పిలిస్తే తొందరగా పలకదు, చూస్తే నీకు భయమేస్తుంది. ఇయ్యకపోతే ఫిట్స్ రావచ్చు."

"నిద్రపుచ్చి తీసుకపోతావా?"

"నిద్రపుచ్చి నీ ఒడిలోనే పండుకోబెడతా."

లాక్కోవడం ఒక్క క్షణం పని. పరంజ్యోతి తన చేతులను తొడల కింద పెట్టుకుని కూర్చుంది. బస్సు కదిలింది. ముందు సీటతను మెడ తిప్పి, "ఏందమ్మా, పిల్ల అట్ల వణుకుతాంటే మాటలేంది మీకు?" అని కసిరాడు. మారియాయి డబ్బా బయటికి తీసింది. మందు సీసాను వెలుతురులోకి ఎత్తి చూసి, కోడలి ముఖం దగ్గర పెట్టి అరవంలో అడిగింది. పొన్ని కళ్లు మూసుకునే తల ఊపింది.

కుదుపుల్లో సూది వేయడం అయింది. సీటు మారి ముసలమ్మ కోడలి తలను ఒడిలోకి తీసుకుంది. నంద్యాల వచ్చేదాకా ఆమె వేళ్లు పొన్ని ముక్కు కింద ఊపిరిని తడుముతూనే ఉన్నాయి. పరంజ్యోతి వేళ్లు మణికట్టు మీద ఉన్నాయి.

ఆసుపత్రిలో పొన్నిని కాన్పు గదిలోకి తీసుకుపోయి ఆయా దేవమ్మ తలుపు మూయబోయింది. పరంజ్యోతి మోకాలు అడ్డం పెట్టింది.

"గాలొస్తాంది, తలుపెయ్యనీ. ముసలామెను బయట కూచోబెట్టు."

"తలుపు తీసే ఉండనీ దేవమ్మా. డాక్టరమ్మకు నేను చెప్పుకుంటా."

"చెప్పుకుంటాదంట! తిట్లు పడేది నాకు" అని గొణుక్కుంటూ దేవమ్మ ఒక రెక్క తెరిచే వదిలేసింది. మారియాయి ఆ గడప మీదే కూర్చుంది. అక్కడి నుంచి పొన్ని పాదాలు కనిపిస్తాయి, అంతే.

"బతుకుతాదా తాయీ?"

ఏం కాదు, నేనున్నాను కదా అనడం పరంజ్యోతికి అలవాటు. ఎన్ని గడపల్లో అన్నదో. ఇప్పుడు ఆ మాట రాలేదు.

"తెలీదమ్మా. పొద్దుటి కంటే భయం ఎక్కువే ఉంది నాకు. కానీ సరైన చోటికి వచ్చినాం."

మారియాయి ఆమె ముఖంలోకి చూసి, కొద్దిగా జరిగి గడప మీద చోటిచ్చింది. పరంజ్యోతి కూర్చుంది. లోపల డాక్టరమ్మ రక్తపోటు ఎంతో చెబుతోంది. అంకె సరిగ్గా వినపడక ఇద్దరూ ఒక్కసారే ముందుకు వంగారు.