రేకుల షెడ్డులో సీసాలు

ఆ చిన్న సోడా కార్ఖానాలో లేబుళ్ళు అంటించే పని వదినా ఆడపడుచులిద్దరిదీ. ఆ రోజు పొద్దున మిషను నడిపే బాబాయి నీళ్ళను మామూలుకన్నా ఎక్కువగా చల్లబరిచి గ్యాసు దిట్టంగా పట్టించాడు. సీసాలకు చెమట పట్టింది. అంటించిన లేబులు అంటించినట్టే జారిపోతోంది. ఆడపడుచుకు విసుగొచ్చింది.

"కాసేపు వేడి తగిలితే ఆరిపోతాయిలే వదినా" అంటూ పెట్టెలన్నీ వెనక రేకుల షెడ్డులోకి చేరవేయించింది. బాబాయితో ఒక్క మాటైనా అనలేదు.

భోజనాలయ్యాక వదిన జిగురు డబ్బా తీసుకుని షెడ్డులోకి వెళ్ళి, చివరనున్న బల్ల ముందు కూర్చుంది. ఆడపడుచు లేబుళ్ళ కట్ట కోసం మిషను గదికి వచ్చింది. అప్పుడు వినిపించింది, టైరు పేలినట్టు చప్పుడు. వెంటనే గాజు ముక్కలు రేకులకు తగిలిన గలగల.

బాబాయి చేతిలో పని వదిలేశాడు. "పెట్టెలెక్కడ పెట్టావు?"

చెప్పింది.

"చల్లగా ఉన్నంతసేపే గ్యాసు నీళ్ళలో అణిగి ఉంటుంది తల్లీ. వేడెక్కితే పైకొచ్చి సీసా మెడలో కూరుకుంటుంది. గాజు ఎంతకని ఆపుతుంది?"

మాట పూర్తికాకముందే రెండోది పేలింది.  ఆమె షెడ్డు గుమ్మం దాకా ఎలా వెళ్ళిందో తెలియదు. లోపల నడవకు రెండు పక్కలా పెట్టెలు. అవతల వదిన కనబడలేదు.

"వదినా!"

మళ్ళీ పిలిచింది. 

"బల్ల కింద ఉన్నా" అంది వదిన చివరికి, చాలా మెల్లగా. "నువ్వు రావద్దు."

గోడకు ఆనించి ఉన్న రెండు పాత చెక్క తలుపుల్లో ఒకటి బాబాయి ఎత్తి పట్టుకున్నాడు. "నువ్విక్కడే ఉండు" అన్నాడు. ఆమె వినలేదు. రెండో తలుపు తీసుకుంది. చెరో పక్కనా తలుపులు అడ్డం పెట్టుకుని, తలలు దించుకుని నడిచారు. పదడుగుల దూరం. ప్రతి అడుగుకూ, ఇప్పుడు పేలేది తన పక్కదే అనిపించింది. 

వదినను మధ్యలో పెట్టుకుని వెనక్కి వస్తుంటే మూడు సీసాలు వరసగా పేలాయి. తలుపు అదిరింది. బాబాయి మోచేయి చీరుకుంది. ఎవరూ ఆగలేదు.

పొద్దు వాలి రేకులు చల్లారేదాకా ఆ వైపు ఎవర్నీ పోనివ్వలేదు బాబాయి. చేతికి గుడ్డ చుట్టుకుని తనే కాపలా కూర్చున్నాడు.

"అక్కడ పెట్టించింది నేనే వదినా" అంది ఆడపడుచు.

"తెలిసి చేశావా?"

"లేదు."

వదిన తన జుట్టులోంచి గాజు పలుకొకటి తీసి పక్కన పెట్టింది.  "అయితే కాసేపు నా చెయ్యి పట్టుకో" అంది. "నాకింకా భయం తగ్గలేదు."