పిరోగీల డబ్బు

అయినా ఈ గదిలో కుర్చీలకు ఇంత మెత్త దేనికి, కాదనిపించుకోవడానికి వచ్చినవాళ్ళు సుఖంగా వినాలనా, కాలేజీలో ఆర్థిక సహాయం చూసే ఈ హాల్వర్సన్ అమ్మాయి కాగితం నా వైపు తిప్పి వేలు పెట్టి చూపిస్తోంది, బయటి స్కాలర్‌షిప్ రెండు వేల డాలర్లు వచ్చింది కదండీ, అందుకని తిరిగి కట్టక్కర్లేని మా గ్రాంటులో రెండు వేలు తగ్గించాం, మొత్తం సహాయం మారలేదు అంటోంది, మారకపోతే మేమిచ్చింది ఎక్కడికి పోయింది తల్లీ అన్నాను, ఊరుకో అమ్మమ్మా అని మనవరాలు కోరిన్ నా మోచెయ్యి గిల్లింది, ఊరుకోవడం చేతనైతే దీని తాత గనిలో పోయిననాడే ఊరుకుందును, ఇల్లు ఖాళీ చెయ్యమని కంపెనీవాళ్ళు వస్తే గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నదాన్ని, ఆ కుర్చీకి మెత్త లేదు.

ఈస్టరు ముందు ఉపవాసాల్లో ప్రతి గురువారం చర్చి నేలమాళిగలో పద్నాలుగు మందిమి పిరోగీలు చేసి అమ్మాం, పిండి బిళ్ళల్లో బంగాళదుంప కూరి మడిచి అంచులు నొక్కడం, ఎవరి నొక్కు వాళ్ళదే, కళ్ళు మూసుకుని తడిమినా ఇది డోలొరెస్‌దని చెప్పగలను, కీళ్ళనొప్పులతో వేళ్ళు వంకరపోయిన హెలెన్‌వి ఉడికే నీళ్ళలో విచ్చుకుంటాయి, అయినా ఆమెను బల్ల దగ్గరనుంచి లేవమన్నవాళ్ళు లేరు, విచ్చుకున్నవి మేమే తింటాం, ఈ పిల్ల చదువు అప్పు తగ్గితే క్యాంటీన్‌లో పళ్ళేలు కడగడం మానేసి కెమిస్ట్రీ చదువుకుంటుందని, ఈసారి తప్పితే నర్సింగు సీటు పోతుందని, చెక్కు కాలేజీకి పంపాం, దేనికో ఒక్క ముక్క రాయలేదు, ఇచ్చినదాని గురించి రాసుకోవడం గొప్పలు పోవడమని మా చర్చిలో వాడుక, రాయొద్దన్నది నేనే.

మరి గ్రాంటే ఎందుకు కోశావు, అప్పు కొయ్యొచ్చుగా అన్నాను, హాల్వర్సన్ అమ్మాయి కాగితంలోకి చూసింది, ఇచ్చినవాళ్ళు రాసిస్తే ముందు అప్పులోంచే తగ్గించే వీలుందండీ, ఇంతవరకు ఎవరూ అడగలేదు అంది నెమ్మదిగా, కోరిన్ గిల్లడం ఆపింది, ఎవరూ అడగలేదట, ఎందరు అమ్మమ్మలు ఈ మెత్తలో కూర్చుని థాంక్యూ చెప్పి లేచిపోయారో, నేను నాలుగో తరగతి దాటలేదు, రాస్తే అక్షరాలు కొండెక్కి దిగుతాయి, దిగనీ, మేమిచ్చింది ఈ పిల్లకి, ఆ మాట రాయకపోవడాన్ని ఇన్నాళ్ళూ వినయమనుకున్నాను, అది వాళ్ళకు మేం తెరిచి పెట్టిన తలుపు, కాగితం ఇలా ఇవ్వమ్మా, ఈ గురువారం పద్నాలుగు సంతకాలతో తెస్తాను, హెలెన్‌ది వంకరగా పడుతుంది, పడనీ, ఎవరిదని అడిగితే నేను చెబుతాను.