మరదలి మాటలు

ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు పెద్దలు. చౌడక్కను చూసి ఉంటే ఆ మాట అని ఉండరు. తమ్ముడు సంజీవప్ప మొదటి పెండ్లాం పోయాక మారుమనువు చేసుకుని హిందూపురం నుంచి రామాంజినమ్మను తెచ్చుకున్న రోజు ఈమె గడపకు అడ్డం నిలబడి పేర్లు చెప్పమనలేదు, హారతి పళ్ళెంలో దుడ్లు వేయమనలేదు. మేళం మొదలు కాగానే రెండు చెవులూ మూసుకుని దొడ్లోకి పోయి కట్టెల మోపు వెనక కూచుంది. యాభై దాటిన మనిషి, పండిన తల.

ఎవరూ వెతకలేదు. ధర్మవరం మగ్గాల వీధికి ఆమె సంగతి కొత్తా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని చిన్నప్పుడే పేరు పడింది. సంకటికి పప్పు తగిలితే పళ్ళెం తోసేస్తుంది. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే నిప్పు తగిలినట్టు లాక్కుంటుంది. పలకరిస్తే గోడకు జవాబు చెబుతుంది, అదీ చెబితే. వయసులో పెండ్లి చేసి పంపితే, నెల తిరక్కుండానే తెచ్చి వదిలిపోయారు. "పిచ్చిదంటే పిచ్చిది కాదు, మామూలు మనిషంటే మామూలు మనిషీ కాదు, మాకు అర్థం కాలేదు" అని నిజమే చెప్పిపోయారు పాపం. అలాంటి మనసు కూడా ఒకటుంటుందని, దానికీ ఒక తీరుంటుందని ఆ రోజుల్లో చెప్పేవాళ్ళెవరు? ఎర్రిది అన్నారు, సరిపెట్టుకున్నారు.

అయితే ఆ ఎర్రిదానికీ ఒక చోటుండేది. తమ్ముడి మగ్గం మీద పక్క పీట.

ఒంటికి ఒక రంగు, అంచుకు ఒక రంగు ఉండే పట్టుచీర నేయాలంటే మగ్గం దగ్గర ఇద్దరు కావాలి. నేసేవాడు మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని, పేక పోగు మోసే నడిమి నాడె వేస్తాడు. పక్క పీట మీది మనిషి అంచు నాడె తోస్తే, అతను అందుకుని, రెండు రంగుల పోగులకూ ముడి పడేలా మెలేసి, తిరిగి తోస్తాడు. మామూలుగా అది చిన్నపిల్లలు కూచునే పీట. మీసం మొలిస్తే మగపిల్లలు, పెండ్లయితే ఆడపిల్లలు దిగిపోతారు. చౌడక్క మటుకు దిగలేదు. నాయన ఉన్నప్పుడు నాయన పక్కన, నాయన పోయాక తమ్ముడి పక్కన, ముప్పై ఏండ్ల పైమాటే. ఆమె తోస్తుంది, అతను పడతాడు. అతను తోస్తాడు, ఆమె పడుతుంది. మాటలక్కరలేదు. లోకంలో ఆమెకు అర్థమయ్యే సావాసం అదొక్కటే. తమ్ముడికీ అంతే అనుకుంది. అడిగి చూసింది లేదు.

కొత్త పెండ్లాం వస్తే కొత్త పడుగుకు పసుపు కుంకుమ పెట్టి, మొదటి చీర నేత పూర్తయి మగ్గం దిగేదాకా మొగుడి పక్కన తనే కూచోవడం ఆ వీధిలో ఆనవాయితీ. "ఒక్క చీరే అక్కా" అన్నాడు సంజీవప్ప. మొదటి మరదలూ ఒక్క చీరతోనే లేచింది గదా, ఒక్క చీర అంటే ఒక్క చీరే అనుకుని చౌడక్క గోడవతల వసారాలో నాడెల్లో పెట్టే కండెలకు పోగు చుట్టుకుంటూ ఓపిక పట్టింది. చీర దిగిన పొద్దున స్నానం చేసి, జుట్టు బిగించి ముడేసుకుని, వచ్చి పీట పక్కన నిలబడింది.

సంజీవప్ప ఆమె ముఖం చూడలేకపోయాడు. "ఆమె ఇప్పుడిప్పుడే నేర్చుకుంటాండాది. చెయ్యి కుదరనీ. నువ్వు కండెలు చూసుకోక్కా, నీకూ వయసైతాండాది గదా" అన్నాడు.

చీర దిగింది గానీ మరదలు దిగలేదు.

అప్పటినుంచి చౌడక్కకు కడుపులో మంట మొదలైంది. దానికి వేరే పేర్లెందుకు, అది అసూయే. మరదలి పసుపు కాళ్ళు చూస్తే మంట. ఆమె గాజుల చప్పుడు వింటే మంట. పోనీ ఆ రామాంజినమ్మ గయ్యాళా అంటే అదీ కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారే, అట్లాంటి మనిషి. వచ్చిన వారానికే వీధిలో ప్రతి గడపా ఆమెకు చుట్టమైంది. "దా వదినా, తలకు నూనె పెడతా" అని ప్రేమగా వెనకనుంచి చెయ్యి వేసింది ఒకనాడు. చౌడక్క కెవ్వున అరిచి ఆ చెయ్యి విదిలించి కొట్టింది. రామాంజినమ్మ కండ్లనీళ్ళు పెట్టుకుంది. వీధంతా ఎవరి పక్షం మాట్లాడిందో చెప్పాలా?

చౌడక్కకు ఒకే ఒక ఆశ ఉండేది, అంచు. మరదలి చెయ్యి కుదరలేదు. ఒకసారి బిగుతుగా తోస్తుంది, ఒకసారి వదులుగా. అంచూ ఒళ్ళూ కలిసేచోట ముడతలు పడుతున్నాయి. సందు దొరికినప్పుడల్లా చౌడక్క పోయి మగ్గం మీది బట్టను వేలితో తడిమి, ఆ ముడతలు తగలగానే లోపల పండగ చేసుకునేది. తమ్ముడు చూస్తాడు, తిడతాడు, నన్ను పిలుస్తాడు అనుకుంది.

తమ్ముడు చూశాడు. గోడవతల చౌడక్క చరకా ఆపి చెవులు రిక్కించింది.

"ఏమ్మే, అంచు చూడు, ముసలమ్మ బుగ్గ మాదిరి ఉండాది" అన్నాడు సంజీవప్ప.

"నాదేముందయ్యో తప్పు? నీ మగ్గం పెనుకొండ కాడ గట్టెక్కే ఇంజను మాదిరి మూలుగుతాండాది. స్వల్ప దిగి తోయమంటావా?" అంది రామాంజినమ్మ.

సంజీవప్ప నవ్వాడు. మామూలుగా కాదు, నాడె చేతిలోంచి జారిపోయేలా, దగ్గొచ్చేలా నవ్వాడు.

చౌడక్క చేతిలో పోగు తెగింది. ఇన్నేండ్లు ఆ మనిషి పక్కన తను కూచుంది, అంచు మీద ఒక్క ముడత పడనివ్వలేదు, అతను ఒక్కనాడూ ఇట్లా నవ్వలేదు. ముడతలు వేసినదానితో నవ్వుతున్నాడు. ఇదెక్కడి న్యాయం? ఆమెకు ఏడుపు రాలేదు. ఆమెకు వచ్చింది ఆలోచన.

చౌడక్కకు తెలిసిన లోకం మగ్గమే. అదే పడుగు, అదే పేక, అదే లాగుడు అయితే అదే చీర దిగుతుంది. దిగకపోతే ఎక్కడో పోగు తప్పినట్టు. నవ్వూ అంతే అయి ఉంటుందనుకుంది. మాట అదే అయి, గొంతూ విరుపూ అవే అయితే, నవ్వు రాక ఎక్కడికి పోతుంది?

మాటలు పట్టడం ఆమెకు కష్టం కాదు. ఎవరి మాటైనా ఒకసారి వింటే అదే గొంతుతో అప్పజెప్పే విద్య పుట్టుకతోనే ఉంది. చిన్నప్పుడు ఇంటికొచ్చిన చుట్టాల మాటలు వాళ్ళ ఎదుటే అట్లాగే అంటే, ఎగతాళి చేస్తోందని నాయన చెంపలు వాయించాడు. ఆ విద్య మళ్ళీ బయట పెట్టలేదు. ఇప్పుడు కండెలు చుడుతూ గోడకు చెవి ఆనించి, మరదలి మాటలు ఒక్కొక్కటే దాచుకుంది. ఏ మాటకు నవ్వాడు, ఏ మాటకు ఊఁ కొట్టాడు, ఏ మాటకు "పో, ఎప్పుడూ నీకు పరాచికమే" అన్నాడు, అన్నీ. దొంగతనమే మరి. పీట దొంగిలించినదాని మాటలు దొంగిలిస్తే పాపమేమిటి?

కార్తీకంలో హిందూపురం నుంచి కబురొచ్చింది, రామాంజినమ్మ తల్లి జారిపడి కాలు విరగ్గొట్టుకుందని. సంజీవప్ప పెండ్లాన్ని పొద్దుటి రైలెక్కించి వచ్చాడు. మగ్గం మీద సగం చీర ఉంది. వసారాలోకి వచ్చి, గొంతు సవరించుకుని, "అక్కా, పీట మీదికి రా" అన్నాడు.

చౌడక్క పరిగెత్తలేదు గానీ పరిగెత్తినంత పని చేసింది.

పీట అదే. చెయ్యి పోగు మీద పడగానే ఒళ్ళంతా కుదురుకుంది. తోసింది, పట్టాడు. తోశాడు, పట్టింది. ముడతలు ఆగిపోయి అంచు నున్నగా నడిచింది. ఇదివరకైతే అదే స్వర్గం. ఈసారి ఆమెకు అది చాలలేదు. తమ్ముడు మధ్యమధ్యలో నిట్టూరుస్తున్నాడు. ఆ నిట్టూర్పు ఎవరికోసమో చౌడక్కకు తెలుసు. మరదలు తిరిగి వచ్చేలోపల తను అతన్ని నవ్వించాలి. నవ్విస్తే పీట తనది, తమ్ముడు తనవాడు. నవ్వించలేకపోతే బతుకంతా ఆ వసారాలో, గోడకు చెవి ఆనించుకుని.

మగ్గం మూలిగింది. సంజీవప్ప తల వంచుకుని పోగు అతుకుతున్నాడు. చౌడక్క గోడకేసి చూస్తూ నోరు తెరిచింది.

"నాదేముందయ్యో తప్పు? నీ మగ్గం పెనుకొండ కాడ గట్టెక్కే ఇంజను మాదిరి మూలుగుతాండాది. స్వల్ప దిగి తోయమంటావా?"

అచ్చం రామాంజినమ్మే. ఆ విరుపు, చివర ఆ చిన్న నవ్వుతో సహా.

సంజీవప్ప నవ్వలేదు. తల ఎత్తినవాడు ఎత్తినట్టే గుంటలోంచి పైకి దూకాడు. మోకాలు గట్టుకు కొట్టుకున్నా చూసుకోలేదు. "వచ్చేసినావా?" అంటూ గడప దాకా పరిగెత్తి, తలుపు తోసి, వీధికి ఆ చివరా ఈ చివరా చూశాడు. వీధిలో ఆరేసిన పట్టు తప్ప ఎవరూ లేరు.

చౌడక్క అంతా చూసింది. ముఖాలు చదవడం రాని మనిషికి కూడా ఆ పరుగు అర్థమైంది. తన కోసం ఈ జన్మలో ఎవరూ అట్లా గడప దాకా పరిగెత్తలేదు.

సంజీవప్ప మెల్లగా వెనక్కి వచ్చాడు. ఇల్లంతా కలయజూశాడు. చివరికి అక్క దగ్గర చూపు ఆగింది.

"నువ్వేనా అక్కా?"

నాయన మాదిరి చెంప మీద కొడతాడేమోనని చౌడక్క భుజం కొంచెం ఎత్తింది.

కొట్టలేదు. గుంటలోకి దిగి కూచుని, నాడె చేతికి తీసుకున్నాడు. తర్వాత సిగ్గుపడుతూ, చిన్నపిల్లవాడు బెల్లం అడిగినట్టు అడిగాడు.

"ఇంకొక్కసారి అనక్కా. అట్లే అను."

తమ్ముడు ఆమెను నోరారా ఒక మాట అడగడం అదే మొదలు. ఆమె దగ్గర మాటలకు కొదవా? మరదలు వచ్చేదాకా రోజూ నవ్వించేటన్ని ఉన్నాయి. అంటే చాలు, తమ్ముడు తన వైపే తిరిగి కూచుంటాడు. కానీ ఆ మాటల్లో అతను వినేది ఎవరిని?

"అవి ఆమెవి. ఆమె వస్తే ఆమె చెబుతాది. నావి అడుగు." ఈసారి గొంతు ఆమెదే, వాడక బొంగురుపోయిన గొంతు.

సంజీవప్ప నోరు తెరిచాడు. ఏదో అడగబోయి ఆగాడు. ఇంకేదో తలుచుకుని అదీ ఆపేశాడు. సంకటి తింటివా అని అడగవచ్చు గానీ తిన్నదని తెలుసు. చెల్లెమ్మా వదినా బావా అని వీధంతా పలకరించే మనిషి, ఒకే కడుపున పుట్టిన దాన్ని ఏమడగాలో తోచక ఆమె చేతుల కేసి చూస్తూ ఉండిపోయాడు.

"ఏమడగాలక్కా నిన్ను?" అన్నాడు చివరికి.

చౌడక్కకు మాత్రం ఏం తెలుసు? ఎవరైనా అడిగి ఉంటే గదా తెలిసేది. అలవాటు కొద్దీ అంచు నాడె తోసింది. అది జారుతూ పోయి తమ్ముడి వేళ్ళు తాకి అక్కడే ఆగిపోయింది. సంజీవప్ప పట్టుకోలేదు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.