చిత్కళ ఆకలి

ల్యాబు ముందు వరుసలో నిలబడి ఉన్నాను, వరుస ఆసుపత్రి గేటు దాటి మా ఇంటి హాల్లోకి వచ్చేసింది, దాని చివర మంచం మీద నా కూతురు చిత్కళ కాళ్ళూపుకుంటూ కూర్చుని ఉంది. పోయినేడాది చనిపోయింది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ ఆ మాట ఎత్తడం లేదు. పుట్టిన వారానికే పేగులు మెలిపడి తీసేస్తే, ఛాతీలోని సన్నటి గొట్టం గుండా నెత్తుట్లోకి ఎక్కించే తెల్లటి పోషకాల సంచితోనే ఐదేళ్ళు బతికిన పిల్ల, నోట మెతుకు పెట్టి ఎరగదు. ఇప్పుడు గొట్టం లేదు, ఒంట్లో జింకు తగ్గి అప్పట్లో రాలిపోయిన జుట్టు రెండు జడలై వేలాడుతోంది.

"జింకు పెరిగిందా నీకు?" అంటాను. ఇన్నాళ్ళకి కనబడిన బిడ్డని అడగాల్సిన మాట అదా, నా నోరు పడిపోను.

"పెరిగిందంట. సెలీనియం కూడా. ఇక్కడ సూది గుచ్చకుండానే చెప్పేస్తారమ్మా."

డాక్టరమ్మ గోడలోంచి వచ్చి, "అన్నీ సరిపోయాయండీ, రాగి కూడా," అని మళ్ళీ గోడలోకే వెళ్ళిపోతుంది. నాకు ఒళ్ళు మండుతుంది. నెలనెలా పిల్ల నెత్తురు తీసి ఒంట్లో ఉన్నవన్నీ కొలిచారు, నాకు కావాల్సిన ఒక్కటి తప్ప. అడిగితే ఆ మాట దానికి నేర్పినట్టవుతుందేమోనని నేనూ ఎప్పుడూ అడగలేదు.

"చిట్టీ, నీకు ఆకలేసేదా?"

ఆలోచిస్తుంది, ఆలోచిస్తుండగానే దానికి పదేళ్ళొస్తాయి, మళ్ళీ ఐదే అవుతాయి.

"అదెలా ఉంటుందో నాకు తెలీదుగా. నువ్వొకటి చెప్పు. రోజూ నువ్వూ నాన్నా వంటింట్లోకెళ్ళి తలుపేసుకునేవాళ్ళు కదా, తడి చేతుల్తో వచ్చేవాళ్ళు. నన్ను రానివ్వకుండా ఏం చేసేవాళ్ళు?"

చేతులు చీరకి తుడుచుకుంటాను, తడి పోదు.

"నేనంటే మీకు ఇష్టం లేదేమో అనుకునేదాన్ని," అంటుంది, కోపమేమీ లేకుండా.

కాదు తల్లీ అంటూ చెయ్యి చాపుతాను, మధ్యలో ఎవరెవరో పిల్లలు వచ్చి వరుసలో నిలబడుతూనే ఉంటారు, నేను వెనక్కి పోతూనే ఉంటాను.

మెలకువ వచ్చేసరికి బాగా తెల్లవారింది. పక్కన మా ఆయన లేరు. వంటింటి తలుపు మూసి ఉంది, నెట్టి చూస్తే లోపల గడియ పెట్టి ఉంది. తలుపు సందులోంచి ఆవకాయ వాసన వస్తోంది. గిన్నె చప్పుడు కాకుండా ఆయన అన్నం తింటున్నారు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.