ఆదివారం రొట్టెలు, మంగళవారం కన్ను

మొదటి రొట్టె మాడిపోయింది. రెండోది పైన ఎర్రగా వేగి లోపల పచ్చిగా ఉండిపోయింది. మూడోదాన్ని హస్కబా మూకుడు అంచు మీద వేసింది. సగం కాగే కొవ్వులో, సగం నిప్పుల్లో పడింది.

"అమ్మా, ఇటియ్యి. నేను వేస్తాను" అంది ఎల్వీనా.

"నువ్వు పుట్టకముందు నుంచీ వేస్తున్నానే. పిండి మంచిది కాదు. బస్తా మార్చారా?"

"అదే బస్తా. నీకు కనపడక..."

"చేతులకి కళ్ళెందుకు?"

చేతుల మాట నిజమే. డెబ్భై దాటినా ఉండ తీసి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి తపతపా కొడుతుంటే రొట్టె చంద్రుడిలా గుండ్రంగా సాగుతుంది. చిక్కంతా మూకుడు దగ్గరే. కొవ్వు కాగిందో లేదో ఒకప్పుడు దూరం నుంచే చూసి చెప్పేది. ఇప్పుడు మొహం మూకుడు మీదికి వంచి సెగను బట్టి అంచనా కడుతోంది. జుట్టు ఎక్కడ అంటుకుంటుందోనని ఎల్వీనాకి పై ప్రాణాలు పైనే పోతున్నాయి.

ఎల్లుండి మంగళవారం తల్లి కంటికి ఆపరేషన్. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఒకసారి గొర్రెలు ఈనుతున్నాయంది, ఒకసారి పీడకల వచ్చిందంది. ఈసారి కూడా రాకపోతే మళ్ళీ వసంతం దాకా ఖాళీ లేదని ఆసుపత్రిలో నర్సు ఖండితంగా చెప్పింది. అందుకే ఎల్వీనా తెల్లవారకుండానే లేచి బీన్స్ ఉడకబెట్టింది, గొర్రెమాంసం ఖీమా వేయించింది, పచ్చిమిరపకాయలు కాల్చి తొక్క తీసింది. తల్లికి ఇష్టమైన తిండి పెట్టి, కడుపు నిండిన వేళ మెల్లగా 'సరే' అనిపించుకోవాలని ఆమె ఆలోచన. రొట్టెలు కూడా తనే చేద్దామనుకుంది. తీరా పిండి కలిపేసరికి తల్లి వచ్చి బేసిన్ లాక్కుంది.

కొమ్మల పందిరికి పది అడుగుల దూరంలో, ట్రక్కు వెనక తలుపు దించి దాని మీద కూర్చున్నాడు ఎల్వీనా భర్త హోస్కీ. పందిరికి వీపు పెట్టి, ఎదురుగా ఉన్న ఎర్ర గుట్టను చూస్తున్నాడు. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. వాళ్ళ తెగ కట్టుబాటు ప్రకారం అత్తా అల్లుడూ ఒకరినొకరు చూసుకోకూడదు. చూస్తే కళ్ళు పోతాయి. మునుపైతే మలుపులో అతని ట్రక్కు దుమ్ము లేవగానే హస్కబా పరికిణీ ఎత్తి పట్టుకుని గుట్ట వెనక తన మట్టి ఇంటికి పరుగు తీసేది.

"ఎల్వీనా, మాడిందైనా పర్లేదు, నాకిమ్మని మీ అమ్మకి చెప్పు" అన్నాడు హోస్కీ గుట్టతో.

"విన్నాన్లే. మాడింది కుక్కకి. అతన్ని కాసేపు ఓపిక పట్టమను" అంది హస్కబా మూకుడుతో.

"అమ్మ ఓపిక పట్టమంది" అంది ఎల్వీనా, ఇద్దరికీ వినపడిందని తెలిసే. ఆ మాట కూడా తను మోస్తేగానీ చేరినట్టు కాదు. పంతొమ్మిదేళ్ళుగా తనే వాళ్ళిద్దరి తపాలా బంట్రోతు.

"మంగళవారం పొద్దున్నే బయల్దేరాలి" అంది తల్లితో.

"అతని ట్రక్కులో నేనెలా ఎక్కుతాను?"

"నేను నడుపుతాను. ఆయన ఇంట్లోనే ఉంటాడు."

"గొర్రెలో?"

"ఆయన చూస్తాడు."

"ఆ డాక్టరుకి ఇంకా మీసమే రాలేదట. వాడి చేతికి నా కన్నిస్తానా?"

"కన్ను కోయడానికి మీసమెందుకమ్మా!"

ట్రక్కు మీద నవ్వు వినిపించింది. "నవ్వద్దని చెప్పు" అంది హస్కబా. ఆ విసురులో నాలుగో రొట్టె చేయి జారింది, కొవ్వు చింది ముంజేతి మీద పడింది. అబ్బా అని కూడా అనలేదు. ఎల్వీనాకే ఒళ్ళు మండిపోయింది. మూకుడు ఎత్తి పక్కన పెట్టింది.

"ఇంకెన్ని సాకులు చెబుతావ్? చేతులు కాల్చుకుంటూ, గోడలు తడుముకుంటూ ఎన్నాళ్ళు? కళ్ళు నీవా, నావా? నీకు అక్కర్లేదా?"

హస్కబా తడిబట్టతో చెయ్యి తుడుచుకుంది.

"కళ్ళొస్తే నేనెక్కడుండాలి?"

"ఎక్కడుండడమేంటి?"

"చూస్తే కళ్ళు పోతాయన్నారు. పోయిన కళ్ళకి ఇంకేం భయమని రెండు చలికాలాలు నీ ఇంట్లో పొయ్యి పక్కన కూర్చున్నాను. నీ పిల్లల కబుర్లు వింటూ నిద్రపోయాను. కళ్ళొచ్చిన మర్నాడే మూట సర్దుకుని గుట్ట వెనక్కి పోవాలి కదా. ఆ చలిలో ఒక్కదాన్నే కట్టెలు కొట్టుకుంటూ... అక్కడ చూడ్డానికేముందే?"

రెండేళ్ళుగా గొర్రెలతో, కలలతో, డాక్టరు మీసంతో పోట్లాడింది ఎల్వీనా. అసలు సంగతి ఇదని ఒక్క ముక్క చెప్పొచ్చుగా!

"ఎల్వీనా" అన్నాడు హోస్కీ, అటే చూస్తూ. "ఆ మట్టి ఇంట్లో నేను పడుకుంటానని చెప్పు. ఆవిణ్ణి ఇక్కడే ఉండమను."

"మొగుడు బతికుండగానే నా కూతుర్ని ఒంటిదాన్ని చెయ్యమంటాడా? కుదరదని చెప్పు."

"నాకేం ఇబ్బంది లేదని..."

"చెప్పను!" అని అరిచింది ఎల్వీనా. "ఇద్దరికీ చెవులున్నాయి. మీరిద్దరూ నా కాపురాన్ని బేరం పెడుతున్నారు, నన్నొక్క మాట అడిగారా? పడుండండి!"

ఆ కోపంలోనే ఆమె మూకుడు మళ్ళీ నిప్పుల మీద పెట్టి, మిగిలిన ఉండలన్నీ వరసగా వేసింది. తల్లి రొట్టెలంత గుండ్రంగా రాలేదు, కానీ పొంగాయి. ఒక్కోదాని మీద బీన్స్ పోసి, ఖీమా పరిచి, తరిగిన ఆకుకూర, టమాటా, చీజ్, కాల్చిన మిరపకాయ పడేసింది. ఒక పళ్ళెం ట్రక్కు దగ్గర ఠపీమని పెట్టింది, ఒకటి తల్లి ఒళ్ళో పెట్టింది.

హస్కబా వేళ్ళతో రొట్టె అంచు తడిమింది. "మందంగా ఉంది" అంది. తిన్నది. సగం తిన్నాక ఆగింది.

"రెండు కళ్ళూ ఒకేసారి చేస్తారా?"

"లేదు. ఒకటి అయ్యాక, అది మానాక రెండోది."

"అయితే ఒకటే చేయించుకుంటా. ఒక్క కన్నుంటే రొట్టె మాడదు. అతను ఇంట్లోకొస్తే ఆ కన్ను చేత్తో మూసుకుంటా. రెండోదానికి ఎలాగూ కనపడదు."

ఎల్వీనాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "సరే" అంది గబగబా, మాట మార్చేస్తుందేమోనని.

"ఎడమది."

"కాగితం మీద కుడి కన్నని రాసుంది."

"కుడిదెలా కుదురుతుందే? పొయ్యి పక్కన కూర్చుంటే గుమ్మం నా కుడి పక్కనుంటుంది. అతను వచ్చిపోయినప్పుడల్లా మూసుకుంటూ కూర్చోనా?"

"కుర్చీ అటు తిప్పుకో అమ్మా."

"సెగ వీపుకా? నాకు మోకాళ్ళకి కావాలి."

ట్రక్కు మీద నమలడం ఆగింది. ఎల్వీనా నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. పొయ్యి మీంచి ఇంటి కప్పు దాటి పైకి లేచిన పొగగొట్టం, దాన్ని బిగించడానికి హోస్కీకి పట్టిన మూడు రోజులు ఆమెకి గుర్తొచ్చాయి.

"మంగళవారం కుడి కన్నే చేస్తారమ్మా" అంది పళ్ళు బిగించి.

హస్కబా ఇంకో ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

"అయితే సోమవారం పొయ్యి అటు పక్కకి మార్చమని చెప్పు."